అల్మారాలో ఉన్న సూదిమందు

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న క్లినిక్‌లో నర్సుని. మధ్యాహ్నాలు జనం ఉండేవారు కాదు. మెట్రో వెళ్లినప్పుడల్లా గోడ మీద నీడ జారేది, ఆ కాసేపు గది నీళ్లలో మునిగినట్టుండేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల ఆ నీడలోంచే నడిచొచ్చినట్టు అనిపిస్తుంది. నాగమణి అనుకుందాం. భద్రాచలం అవతలి కోయగూడెం నుంచి వచ్చి, హాస్టల్లో ఉంటూ పోలీసు ఉద్యోగానికి కోచింగ్ తీసుకునేది. చిన్నప్పుడు గొంతునొప్పికి మందు వాడక, అది కీళ్లకు పాకి, గుండెను తాకింది. మళ్లీ గొంతు చెడితే గుండెకు ముప్పు. అందుకని మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది తప్పకూడదు.

ఆ సూదంటే నాకు భయం. అంతకుముందు ఎల్బీనగర్‌లో నేను పెన్సిలిన్ ఇచ్చిన ఒకాయన, మందు పడక, బల్ల మీదే స్పృహ తప్పాడు. ఆయన బతికాడు. నాకు వణుకు మిగిలింది. మా క్లినిక్ డాక్టరుగారికి ఈ భయం చెప్పి ఉండొచ్చు కదా? చులకనైపోతానని చెప్పలేదు.

"అక్కా, సూదిమందు ఉందా?"

"లేదమ్మా. స్టాక్ వస్తలేదు. ఒచ్చినంక ఫోన్ చేస్తా."

"జర మర్చిపోకు అక్కా. వేరే క్లినిక్‌లల్ల ఈ సూది మేం ఎయ్యం అంటున్నరు."

మందు నా వెనక అల్మారాలోనే ఉంది. స్టాక్ చూసేది నేనే. ఆ పిల్ల ఎప్పుడొచ్చినా అదే జవాబు చెప్పాను. వెంట నిలదీసే మనిషి ఒక్కరున్నా అలా చెప్పేదాన్నా? చెప్పేదాన్ని కాదు. అడవి నుంచి ఒంటరిగా వచ్చిన పిల్ల కాబట్టే అంత తేలిగ్గా చెప్పాను.

వానాకాలంలో జ్వరంతో వచ్చింది. మెట్రో మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చుండిపోయానంది. గుండె విని, సూదులు ఎందుకు మానేశావని డాక్టరుగారు కసిరారు. మందు దొరకలేదని, అక్క తన కోసం చాలాచోట్ల అడిగిందని ఆ పిల్ల చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. అవునన్నట్టు తలూపాను.

పెద్ద దవాఖానలో గుండె వాల్వు మార్చారు. పోలీసు ఉద్యోగానికి పరుగెత్తాలి, ఆ ఆశ అక్కడితో పోయింది.

ఒక్కోసారి కలలో ఆ పెన్సిలిన్ సీసా ఊపుతూ ఉంటాను. మందు పాలలా తెల్లగా కలుస్తుంది. నాగమణి బల్ల మీద పడుకుని ఓపికగా చూస్తుంటుంది. ఎంతకీ సిరంజి చేతికి దొరకదు.

ఇప్పటికీ ఫోన్ చేసి నా ఆరోగ్యం అడుగుతుంది. నిజం మాత్రం ఆ పిల్లకు చెప్పలేదు, మీకు చెప్పాను. నాకు ఊపిరి కాస్త తేలికగా ఆడుతోంది. అందుకు సిగ్గుగా ఉంది.