అమ్మ ముందు తిన్న రోజు

నిన్న ఎవరో చేలో పత్తికట్టె కాలుస్తుంటే, ఆ వాసనకు అమ్మ దగ్గు గుర్తొచ్చింది.

చిన్నప్పుడు వనపర్తి దగ్గర మా ఊళ్లో, కిటికీ లేని గదిలో అమ్మ పత్తికట్టెతోనే వండేది. పొగకు దగ్గి దగ్గి గోడ పట్టుకునేది. ఒకరోజు నాన్న ఆమెను దవాఖానకు తీసుకెళ్లాడు. తిరిగొచ్చాక వాకిట్లో పొయ్యి పెట్టి, తానే తోటకూర పప్పు వండాడు. గుడ్డు ఉడకబెట్టి, జామపండు కోసి, ముందు అమ్మకు వడ్డించాడు.

తాత పోయేముందు కూడా ఇట్లాగే అన్నీ తెచ్చి తినిపించారు. ముద్ద నోటిదాకా తెచ్చిన అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"తినకమ్మా! తింటే సచ్చిపోతవు!"

అమ్మకు నవ్వూ దగ్గూ కలిసి వచ్చాయి. నాన్న నన్ను ఒళ్లోకి లాక్కున్నాడు. "గట్ల కాదు బిడ్డా. పొగకు అమ్మ ఊపిరితిత్తులు ఖరాబైతున్నయట. మంచిగ తింటే జర తాకత్ వస్తదని డాక్టర్ చెప్పిండు."

నేను నమ్మలేదు. పళ్లెం ఖాళీ అయ్యేదాకా అమ్మ ముఖమే చూస్తూ కూర్చున్నాను.

దగ్గు తగ్గడానికి చాలాకాలం పట్టింది, కానీ తగ్గింది. నేనెందుకంత భయపడ్డానో మాత్రం పెద్దయ్యాకే అర్థమైంది. అమ్మ మా అందరికంటే ముందు తినడం అంతకుముందు నేనెన్నడూ చూడలేదు.