బట్టమేక అంటే?

ఆదోని కోర్టులో పీరా సాబ్ వకీలును ఎరగనివారు లేరు. ఎరిగినవారు ఆయన్ని పలకరించరు. ఏ మాటన్నా ఆయన "అంటే?" అని అడుగుతాడు మరి! "బాగుండావా సాబ్?" అంటే "బాగుండడం అంటే?" నిఖా రోజు ఖాజీ "కబూలేనా?" అని అడిగితే "కబూల్ అంటే?" అన్నాడట. పరదా వెనక పెళ్ళికూతురు కుల్సుంబీ "ఒప్పుకుంటావా, నన్ను లేచి పొమ్మంటావా?" అని అరిచిందట.

ఆయన గుమాస్తా నరసన్నకైతే ఆ మాట వింటేనే ఒళ్ళు మండేది.

"టీ చెప్పు నరసన్నా."

"వద్దు సాబ్. తెచ్చినాక 'వేడి అంటే?' అంటావు."

ఎనభై రెండులో కోసిగి నుంచి చౌడమ్మ అనే కూలిమనిషి ఏడుస్తూ వచ్చింది. అంతరించిపోతున్న బట్టమేక పిట్టను వేటాడిందని, చేలో దాని గుడ్డు మీద గంప బోర్లించిందని కేసు. ఒప్పుకున్నట్టు కాగితం మీద వేలిముద్ర కూడా ఉంది. శిక్ష పడితే చంటిబిడ్డను వదిలి జైలుకు పోవాలి.

"ఏమని ఒప్పుకుంటివమ్మా?"

"బట్టమేకను పట్టినావా అన్నారు సామీ. మూడుసార్లు పట్టినా అంటి. తాడు తెంపుకొని పోతాంటే పట్టకుంటే ఎట్లప్పా?"

"బట్టమేక అంటే?"

"మేక అన్నారు గదా, నా మేకనే అనుకొంటి!"

వాళ్ళ ఊళ్ళో ఆ పిట్టను పెద్దపిట్ట అంటారు. నరసన్న నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తాడు.

"మరి గుడ్డు మీద గంప యాల బోర్లిస్తివి?"

"సేను దున్నుతాండ్రి. ఎద్దులు తొక్కుతాయని."

పీరా సాబ్ కాగితం మడిచాడు. "తెలీని మాట కింద ఏలిముద్ర ఏయించుకుంటారు. నేను అడక్కుంటే ఎవురు అడుగుతారు నరసన్నా?" గుమ్మంలోకి తిరిగొచ్చిన నరసన్న నవ్వు ఆగిపోయింది.

కోర్టులో సర్కారు వకీలు లేచి, "గుడ్డు జోలికి పోయినా చట్టం ప్రకారం వేటే" అన్నాడు.

"జోలికి పోవడం అంటే?" అన్నాడు పీరా సాబ్. కోర్టంతా గొల్లుమని నవ్వింది. ఆయన మాత్రం అటవీ గార్డు మారెప్ప వైపు తిరిగాడు.

"నువ్వు గంప తీసినప్పుడు గుడ్డు యాడుండె?"

"ఉన్న సోటనే సాబ్."

"దున్నే మడక?"

"గంపను సుట్టుకొని పాయ."

"గంప లేకుంటే?"

మారెప్ప తల గోక్కున్నాడు. "గుడ్డు మీదనే పోతాండె. గంప తీసినాక తల్లిపిట్ట వచ్చి పొదిగె."

మేజిస్ట్రేటు కళ్ళజోడు తీశాడు. "చట్టంలో మాటకు అర్థం, ఆ చట్టం ఎందుకు పుట్టిందో చూసి చెప్పాలి. ఇది పిట్టను బతికించడానికి పుట్టింది. బతికించిన మనిషిని జైల్లో పెట్టడానికి కాదు. ముద్దాయి నిర్దోషి."

చౌడమ్మ బోనులో బిక్కమొహం వేసుకుని నిలబడింది. "నిర్దోషి అంటే ఏమప్పా?"

ఇంకేముంది, పొద్దుగూకేదాకా వివరిస్తాడని నరసన్న నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

పీరా సాబ్ నవ్వాడు. "ఇంటికి పో తల్లీ. బిడ్డకు ఆకలైతాంటాది."