తేడా మాత్రమే

మా బావ మాటల దగ్గర పరమ పిసినారి. తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది.

వీధుల కింద మురుగు కాలువల్లో నీళ్లెంత ఎత్తున ఉన్నాయో చూసి, రేడియో ద్వారా ఆఫీసుకు చెప్పే అరచేతంత సెన్సార్లు నాలుగు వందలున్నాయి. వాటి ఆలనా పాలనా బావదే. ఒక్కోదానికి ఒక్కటే బ్యాటరీ. అది అయిపోతే ఇద్దరు మనుషులు ముక్కు మూసుకుని ఇనుప మూత ఎత్తాలి. అందుకని సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వస్తే బావ ఆఫీసులో కూర్చునే పంపుతాడు. మొత్తం పంపితే, అందుకునేసరికి బ్యాటరీ నీరసించిపోతుంది. కాబట్టి పాతదానికీ కొత్తదానికీ ఉన్న తేడా మాత్రమే పంపుతాడు.

అంతవరకూ బాగానే ఉంది. ఈ మహానుభావుడు ఆ పద్ధతిని ఇంటికి కూడా పట్టుకొచ్చాడు. ఆఫీసులో ఏం జరిగిందని మా అక్క అడిగితే నిన్న జరిగిందే అంటాడు. కూర సంగతి ఉప్పు ఎక్కువైన రోజే ఎత్తుతాడు. పన్నెండేళ్లు భరించి అక్క మా ఇంటికొచ్చేసింది. పదో రోజున ఆయన దగ్గర్నుంచి ఒక మెసేజ్: "మార్పు ఏమీ లేదు." తను క్షేమమని ఆయన ఉద్దేశం. మనిషి మారలేదని అక్కకు అర్థమైంది. ఇక వెళ్లేది లేదని తేల్చేసింది.

నాకు ఒళ్లు మండి ఆయన ఆఫీసుకు వెళ్లాను. బావ తల పట్టుకుని కూర్చున్నాడు. పెళ్లాం గురించేమోనని జాలిపడబోయాను. కాదట, బేకరీ ముందున్న సెన్సార్ గురించట. వాన చుక్క లేకపోయినా అది వరద వరద అని గోల పెడుతోందట.

"దాని దగ్గర పాత సాఫ్ట్‌వేర్ చెరిగిపోయింది. పాతది లేనప్పుడు తేడా పంపి ఏం లాభం? మొదట్నుంచీ అంతా పంపాల్సిందే," అన్నాడు.

"మా అక్క దగ్గర మాత్రం పాతది మిగిలుందంటావా బావా?" అన్నాను.

ఆయన ఫోన్ తీసి అక్కకు చేశాడు.

మొదట్నుంచీ అంటే నిజంగా మొదట్నుంచే మొదలుపెట్టాడు. బస్టాపులో అక్క ఆయన కాలు తొక్కిన రోజు, ఆ రోజు ఆమె చెప్పుల రంగు, తొక్కినందుకు ఈయనే క్షమాపణ చెప్పడం, అన్నీ చెప్పాడు. రెండు గంటలైంది. చివరికి కళ్లు తుడుచుకుని "నువ్వు లేకపోతే" అన్నాడో లేదో, ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. నాలుగు వందల బ్యాటరీలను కంటికి రెప్పలా కాచేవాడి దగ్గర ఒక్క చార్జర్ లేదు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

చార్జర్ కోసం ఆయన్ని లాక్కుని వాళ్లింటికి చేరేసరికి, సంచి పక్కన పెట్టుకుని అక్క గుమ్మం ముందు నిలబడి ఉంది.

"ఎక్కడ ఆపావు?" అంది.

"'నువ్వు లేకపోతే' అన్నచోట," అన్నాడు బావ. "మిగతాది చెప్పనా?"

"మిగతాది ఎవరికి కావాలి? మొదట్నుంచీ చెప్పు," అని అక్క మెట్ల మీద కూర్చుంది.