పాలు పొంగించకముందే

పుంగనూరులో బొరుగుల అంగడి అమరావతి నోరున్న మనిషని పేరు. ఆ పేరు పెట్టింది ఆమె చేత మాటలు పడ్డవాళ్ళే కాబట్టి పూర్తిగా నమ్మనక్కరలేదు. మొగుడు గంగాధరం ఉన్నన్నాళ్ళూ ఆమె గొంతు అంగడి దాటి వినబడలేదు. ఆయన పోయిన రోజునే ఆ నోరు తెరుచుకుంది.

గంగాధరం మదనపల్లె ఆసుపత్రిలో పోయాడు. శవాన్ని వ్యానులో తెచ్చేసరికి ఇంటి ఓనరు గంగులప్ప గేటుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. వరసగా ఇళ్ళు కట్టి బాడుగలకిచ్చుకునే మనిషి. కోపంగా కూడా లేడు.

"తప్పుగా అనుకోవద్దమ్మా. బాడుగింట్లో శవం పెడితే రేపు ఎవురూ చేరరు. ఇట్నుంచి ఇట్నే స్మశానానికి పోనీండి" అన్నాడు, కాఫీ వద్దన్నంత నెమ్మదిగా.

ఏళ్ళ తరబడి నెల తప్పకుండా బాడుగ కట్టిన మనిషికి ఆ గేటు తెరుచుకోలేదు. వీధిలో, మూసిన తమ అంగడి ముందు బల్ల మీద పడుకోబెట్టారు. ఆటోలు హారన్లు కొట్టుకుంటూ పక్కనుంచి పోయాయి. స్నానం చేయించాల్సి వచ్చినప్పుడు పక్కింట్లో బాడుగకుండే బయ్యమ్మ తన పెళ్ళి పట్టుచీర తెచ్చింది. ఒక కొస మొగుడు మునస్వామి చేతికిచ్చి, రెండో కొస తాను పట్టుకుని తెరగా నిలబడింది. చీర తడిసి మరకలు పడ్డా ఆమె చేయి దించలేదు.

"నా ఇల్లు నేను కొంటాను" అని అమరావతి ఆ వీధిలోనే అంది. దుఃఖంలో ఏదో అంటోందనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

బ్యాంకులో జీతం కాగితం అడిగారు. బొరుగులమ్మే దానికి జీతమెవరిస్తారని ఆమె వాళ్ళనే అడిగి బయటికొచ్చింది. మదనపల్లెలో ఒక సంఘం ఉందనీ, లాభం చూసుకోకుండా మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళకు అప్పిస్తుందనీ, కొనేముందు మంచీ చెడూ చెప్పడానికి మనిషిని కూడా పంపుతుందనీ తర్వాత ఎవరో చెప్పారు. ఆ వచ్చిన మనిషి మాధవీలత. ఆమె సంత రోజున బస్సు దిగి, బొరుగులు నములుతూ, వచ్చేపోయేవాళ్ళను చూస్తూ సాయంత్రం దాకా అంగడిలోనే కూర్చుంది. లేస్తూ "కంతులు కట్టగలవులే అక్కా" అంది.

ఇక అక్కణ్ణుంచి ఇద్దరికీ పోట్లాటే. ఏ ఇల్లు చూడబోయినా అమరావతి వంటిల్లు చూడదు, నీళ్ళ సంగతి అడగదు. వాకిలి గుమ్మంలో రెండు చేతులూ చాచి వెడల్పు చూస్తుంది. ముందు గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తుంది. చివరికి, వంటిల్లు పిచ్చుక గూడంత, ముందు గది మాత్రం విశాలంగా ఉన్న పాత మిద్దె దగ్గర పట్టుబట్టింది.

"పొద్దస్తమానం ఉండేది వంటింట్లో కదక్కా. అంత ముందు గది ఏం చేసుకుంటావు?" అంది మాధవీలత విసుగ్గా.

"మనిషిని బారుగా పండబెట్టాల. సుట్టూ జనం కూసోని ఏడ్వాల. పాడె వాకిలికి తగలకుండా బయటికి పోవాల. నాకు ఇల్లు కావాల్సింది దానికే."

పిల్లల కోసమనీ, పరువు కోసమనీ ఇల్లు కొనేవాళ్ళను చూసింది గాని మాధవీలత ఈ మాట ఎక్కడా వినలేదు. మళ్ళీ వంటింటి ఊసెత్తలేదు. అప్పు వచ్చింది, ఇల్లు అమరావతి పేరు మీద రాశారు. గృహప్రవేశానికి భోజనాలంటూ ఇంకో అప్పు మాత్రం చేయొద్దని, పాలు పొంగించుకుంటే చాలని మాధవీలత గట్టిగా చెప్పింది.

ముహూర్తం ఆదివారానికి కుదిరింది. గురువారం పొద్దున బయ్యమ్మ వీధి కుళాయి దగ్గర కూలబడి, ఆసుపత్రి చేరకుండానే పోయింది. వ్యాను వెనక్కొచ్చింది. గేటు దగ్గర మళ్ళీ గంగులప్ప, మళ్ళీ అవే మాటలు. మునస్వామి వ్యాను తలుపు పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు.

అమరావతి అంగడి వదిలేసి వచ్చింది. బొడ్లో దోపుకున్న కొత్త తాళంచెవి బయటికి తీసింది.

"బండి పక్క వీధిలోకి తిప్పప్పా" అంది డ్రైవరుతో.

గృహప్రవేశం పనులకని కుప్పం నుంచి వచ్చిన మరిది రాజేంద్ర బండికి అడ్డం పడ్డాడు.

"పాలు పొంగీకముందే పీనుగను పెడతావా వదినా? అట్ల చేస్తే మాలో ఎవురూ నీ గడప తొక్కరు. రేపు అమ్మాలన్నా కొనేవాడుండడు."

"అమ్మేదానికి కొన్నానా?"

"నీ మంచికే చెప్తాండాడమ్మా" అని గంగులప్ప గేటు లోపలినుంచి కలగజేసుకున్నాడు.

"నువ్వు నీ గేటు మూసుకోప్పా. అది నీది. ఆ వాకిలి నాది."

బయ్యమ్మను ముందు గదిలో బారుగా పడుకోబెట్టారు. తలుపు మూసి స్నానం చేయించారు, తెర అవసరం లేకపోయింది. మరకలు పడిన ఆ పట్టుచీరే కట్టారు. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని నోరారా ఏడ్చారు. ఆటోల మధ్య గంగాధరం కోసం ఏడవలేకపోయిన ఏడుపంతా అమరావతి ఆ రోజే ఏడ్చింది. పాడె వాకిలికి ఏ పక్కా తగల్లేదు.

ఆదివారం ముహూర్తం పోయింది. పురోహితుడు ఆ ఇంటికి ఇంకోటి పెట్టనన్నాడు. రాజేంద్ర కుప్పం బస్సెక్కాడు. బయ్యమ్మ కర్మలు అయ్యాక ఒక పొద్దున అమరావతి తానే ముహూర్తం పెట్టుకుని పొయ్యి వెలిగించింది. మాధవీలత మదనపల్లె నుంచి వచ్చింది, ఇంకెవరూ రాలేదు. కాసేపటికి మునస్వామి పాలచెంబు పట్టుకొచ్చి గడప బయటే ఆగిపోయాడు.

"పెండ్లాం పోయినోణ్ణి. శుభమా అని పాలు పొంగిస్తాండావు, నేను లోపలికి రాకూడదమ్మా. చెంబు తీసుకో."

అమరావతి చెంబు అందుకోలేదు. వాకిలి రెండు తలుపులూ బార్లా తీసింది.

"అందరికంటే ముందు బయ్యక్క వచ్చిన ఇల్లిది. నువ్వు రాకూడదా అన్నా?"

మునస్వామి కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి, పాలు తన చేత్తోనే గిన్నెలో పోశాడు.