కంప్యూటర్లో తవ్విన బావి

నా తెలివి వల్ల ఒక ఊరు రెండేళ్ళు నీళ్ళకు ఏడ్చింది. చేసినవాణ్ణి నేనే కాబట్టి ముందుగా నవ్వే హక్కు నాది. మీరూ నవ్వవచ్చు గానీ మా మామకు కనబడకుండా నవ్వండి.

ఎనభైల నాటి మాట. వరంగల్‌లో ఒక అద్దె గదిలో నడిచే చిన్న కంపెనీలో నేను ప్రోగ్రామర్ని. ఉన్న ఒక్క కంప్యూటరుకు ఏసీ ఉండేది, నాకు ఫ్యాను కూడా లేదు. అయినా కాలర్ ఎగరేసుకుని తిరిగేవాణ్ణి. జిల్లాలో బావులు, రోడ్లు, బడి గదుల పని ఏ నెల ఎంత సాగిందో, ఎక్కడ ఆగిందో లెక్కగట్టి చెప్పే ప్రోగ్రాం ఒకటి రాశాను. ఆగిన పనుల జాబితా చూసి సర్కారు వాళ్ళు మనుషుల్ని పంపుతారన్నమాట.

అందులో నర్సంపేట అవతలి మా ఊరి బావి కూడా ఉంది. తవ్వే మేస్త్రీ మా అమ్మ తమ్ముడు మల్లయ్య మామ. ముప్పై అడుగుల దగ్గర బండ తగిలి పని ఆగింది. దాన్ని పేల్చేవాళ్ళు వచ్చేదాకా మా అమ్మతో సహా ఆడవాళ్ళంతా రెండు మైళ్ళు నడిచి వాగు ఇసుకలో చెలిమలు తీసి నీళ్ళు తోడుకోవాల్సిందే.

"అల్లుడా, మన బాయి సంగతి జర నీ మిషిన్ల ఎక్కియ్యి," అన్నాడు మామ.

"ఫికర్ చెయ్యకు మామా. మొదటి పేరు మనదే ఉంటది."

ఉంది కూడా. ప్రోగ్రాం ఎంత అందంగా పనిచేస్తుందో చూసుకోవడానికి మా బావినే నమూనాగా తీసుకున్నాను. నెలనెలా పని జరిగినట్టు అంకెలు కొట్టి, చివర 'పూర్తి' అని పెట్టి మురిసిపోయాను. సర్కారు ఆఫీసుకు పంపేముందు అవి తీసేసి అసలు అంకెలు పెట్టాలి. పెట్టలేదు. ఎందుకంటారా, నా మనసంతా ప్యాకింగ్ మీద ఉంది. ఫ్లాపీలను దూదిలో పడుకోబెట్టి, అట్టపెట్టెలో సర్ది, తెల్లబట్ట చుట్టి దబ్బనంతో కుట్టి, కుట్టు కుట్టుకూ లక్క ముద్ర వేశాను. పెళ్ళికూతుర్ని కూడా అంత శ్రద్ధగా ముస్తాబు చేయరు.

మా యజమాని రహీం సాబ్ వచ్చి చూశాడు. "అంతా సరిగ్గ ఉన్నదా? ఒకసారి ఇప్పి చూద్దామా?"

"ఇప్పితే లక్క పాడైతది సాబ్," అన్నాను.

మూడు నెలలకు మామ మా ఆఫీసు మెట్లెక్కాడు. "బండ పేల్చెటోళ్ళు పక్క ఊరికి వచ్చి పోయిండ్రు. మనకు రాలే. అడిగితే మీ బాయి ఎప్పుడో అయిపోయింది అంటాండ్లు."

నమూనా అంకెలు తీయడం మరిచిపోయానని అప్పుడు వెలిగింది. ఇద్దరం సర్కారు ఆఫీసుకు పరుగెత్తాం.

"పూర్తయిందని కంప్యూటర్ చెప్తాంది గదా," అన్నాడు ఆఫీసరు.

"దానికి చెప్పింది నేనే సార్. తప్పు చెప్పిన."

"నువ్వు తప్పు చెప్తవు గని కంప్యూటర్ ఎందుకు చెప్తది?" తర్వాత జాలి పడి ఉపాయం చెప్పాడు. "పూర్తయిన బాయిని మళ్ళ సగం చేసుడు రూల్స్‌ల లేదు. కూలిపోయిందని రాయి. కొత్తది శాంక్షన్ చేస్తం."

నా అంత తెలివైనవాడు ఆగుతాడా? ఆ సాయంత్రమే 'కూలింది' అని కొట్టేశాను. రెండు ఎండాకాలాలు గడిచాక కొత్త బావి వచ్చింది. ఈలోగా కూలిన బావికి మేస్త్రీ ఎవరో అదే ప్రోగ్రాం వెతికి పేరు పట్టిచ్చింది. ఆ భాగం రాసింది కూడా నేనే, తప్పు లేకుండా పనిచేసింది. మామ పేరు మేస్త్రీల జాబితాలోంచి కొట్టేశారు. తన పాత గుంతకు పది గజాల దూరంలో ఆయన ఇంకో మేస్త్రీ కింద మట్టి తట్టలు మోశాడు.

చూడబోయి గట్టు మీద నిలబడ్డాను. "మామా" అన్నాను.

మామ తట్ట దించి చెమట తుడుచుకున్నాడు. "నువ్వు కుర్చీల కూసోనే బాయి తవ్వినవ్, కూసోనే కూలగొట్టినవ్. ఇరవై ఏండ్ల సంది తవ్వుతాన, నాకు ఆ పని రాలే అల్లుడా."

ఆ గట్టు మీదే ఒట్టు పెట్టుకున్నాను. ఇక నమూనాకు బావి కావలసి వస్తే చంద్రుడి మీద తవ్వుతాను గానీ భూమ్మీద తవ్వను. అక్కడ మా చుట్టాలెవరూ లేరు.