చేపల వాడలో ఇంగువ బెల్లం

పొద్దున పాల కోసం వెళ్లిన మావారు ఎస్టీ బస్సుల స్టాండు మీదుగా తిరిగొస్తూ, మా ఊరి బస్సు కండక్టరు ఇచ్చాడంటూ ఒక చిన్న స్టీలు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు. మూత తీయకముందే నా ముక్కుకు తెలిసిపోయింది. ఇంగువ. అంటే ఇవాళ మృగశిర కార్తె మొదటి రోజన్నమాట. ఇక్కడ నాందేడ్‌లో ఈపాటికి చేపల బజారులో కాలు పెట్టే చోటు ఉండదు, తెలంగాణ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్లంతా సంచులు పట్టుకుని అక్కడే ఉంటారు. డబ్బాలోంచి ఒక బెల్లం ఉండ తీసి నోట్లో వేసుకున్నాను, కళ్ల నీళ్లు తిరిగాయి. ఇంగువ ఘాటుకని మావారు అనుకున్నారు. సగం నిజమే.

మృగశిర నాడు చేప తినాలనే ఆచారం మన ఈడు వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఎండలు పోయి వానలు వచ్చే వేళ ఒంట్లో వేడి పుట్టించాలని పెద్దలు పెట్టింది. చేప తినని ఇళ్లలో దానికి బదులు ఇంగువ, బెల్లం కలిపి ఉండ కట్టి మింగుతారు. బిలోలి తాలూకాలో ఒక చిన్న బజారు ఊళ్లో కిరాణా దుకాణం నడుపుకున్న కోమట్లం కాబట్టి మాది ఇంగువ ఇల్లే. కానీ ఈ డబ్బా పంపింది మా వాళ్లు కాదు. చెరువు గట్టు కింద వల తప్ప వేరే బతుకు తెలియని చేపల వాడ నుంచి వచ్చింది. వాళ్లింటికి ఇంగువ బెల్లం ఎలా చేరిందో తెలియాలంటే ముందు మా మేనత్త గురించి చెప్పాలి.

అత్త మా నాన్నకు అక్క. పెళ్లి చేసుకోలేదు, ఎందుకని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. నాందేడ్‌లో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. నేను బీఎస్సీ అయ్యాక ఆవిడ విభాగంలోనే ప్రయోగశాల సహాయకురాలిగా చేరాను, అంటే వారమంతా ఆవిడ సీసాలు కడగడం, శనివారం ఆవిడ వెంట ఎస్టీ బస్సులో ఊరికి పోవడం. ఊళ్లో దిగి ఇంట్లో చాయ్ తాగామో లేదో, సంచీ భుజాన వేసుకుని నిజాం కాలంలో కట్టిన ఆ చెరువు దగ్గరికి నడక. పుట్టి బుద్ధెరిగి ఒక్క చేప ముల్లు నోట పెట్టని మనిషి, చేపల కోసం చెప్పులరిగేలా తిరగడం చూసి మా నాయనమ్మ తల కొట్టుకునేది. చెరువు నుంచి రాగానే తలస్నానం చేస్తే గానీ వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు. అత్త బావి దగ్గరికి పోయి బొక్కెన అందుకునేది.

ఆ చెరువు అప్పటికే పాడయి ఉండేది. తెలుగు వైపు జిలేబీ అని పిలిచే చేపను మా వైపు చిలాపి అంటారు, ఎప్పుడో ఎవరో త్వరగా పెరుగుతుందని తెచ్చి వదిలారు. అది చెరువంతా నిండి, మన పరకల గుడ్లూ, జెల్లల పిల్లలూ ఏదీ మిగల్చలేదు. కొర్రమీను, వాడవాళ్ల మాటలో కొర్రమట్ట, ముసలివాళ్ల కబుర్లలో మాత్రమే ఉండేది. చిలాపి కూడా రాను రాను అరచెయ్యంత దాటి పెరగడం మానేసింది. నీళ్లు పచ్చగా, చిక్కగా ఉండేవి. ఎంత చిక్కగా ఉన్నాయో చూడడానికి అత్త దగ్గర ఒక పళ్లెం ఉండేది. మా ఇంట్లో అన్నం తినే స్టీలు పళ్లేనికే నలుపు, తెలుపు ముక్కలుగా రంగేసి, తాడు కట్టి నీళ్లలోకి దించేది. అది కనపడకుండా పోయే లోతే ఆ వారం చెరువు ఆరోగ్యం. ఆ రోజుల్లో జానెడు దిగేసరికే మాయమయ్యేది. వాడలో ఆడవాళ్లు బట్టలుతుకుతూ నవ్వేవారు, బాయి చెరువుకు అన్నం పెడుతోందని. మరాఠీ బడుల్లో టీచరమ్మను బాయి అంటారు కాబట్టి అత్త అందరికీ బాయే. ఆవిడా వాళ్లతో కలిసి నవ్వేది గానీ, పళ్లెం ముంచడం ఒక్క వారం మానలేదు.

తర్వాత కరువు వచ్చింది. మరాఠ్వాడా కరువంటే మీకు తెలుసు, మనుషులకే ట్యాంకరు నీళ్లు. చెరువు ఎండి, అడుగు మన్ను పెళ్లలు పెళ్లలుగా పగిలింది. అందరూ ఆకాశం వైపు చూస్తూ తిట్టుకుంటుంటే అత్త మాత్రం ఆ పగుళ్ల మధ్య చెప్పులు చేత పట్టుకుని నడుస్తూ, ఏదో దాచిపెట్టుకున్న సంతోషంతో ఉంది. నాకు కోపం కూడా వచ్చింది. అప్పుడు చెప్పింది, "చెరువు కడుక్కొని కూసున్నదే పిల్లా. చిలాపి ఒక్కటి మిగల్లేదు. వాన వడ్డంక మనం ముందుగాల ఏది ఏస్తే అదే ఉంటది." ఎండిన చెరువులో అలాంటి అవకాశం ఉంటుందని నాకు అంతవరకూ తోచనే లేదు.

ముఖేడ్ దగ్గర ఒక చేనులో పాత బారవ ఉంది, మెట్ల బావి. ఎంత కరువొచ్చినా అడుగున నీళ్లుండేవి, ఆ నీళ్లలో అసలైన కొర్రమీనులు బతికి ఉన్నాయి. చెరువు నిండగానే అక్కడి రైతును బతిమాలి, వాడవాళ్లతో పట్టించి, బిందెల్లో పెట్టి మూతికి తడిగుడ్డ కట్టి ఎస్టీ బస్సులోనే తెచ్చాం. కొర్రమీను గాలి పీల్చి బతుకుతుంది, నీళ్లు తక్కువైనా పరవాలేదు, కానీ ఊరుకోదు. దారి పొడుగునా బిందెలో ధబ్ ధబ్ మని ఒకటే కొట్టుకోవడం. మాహూర్ రేణుకా దేవి దర్శనం చేసుకొస్తున్న ఒక పెద్దావిడ, లోపల పామున్నదని గోల చేసి బస్సు ఆపించింది. గుడ్డ విప్పి చూపిస్తే గానీ కండక్టరు గంట కొట్టలేదు. చూశాక ఆ పెద్దావిడే బిందెకు దండం పెట్టింది, ఎందుకో ఇప్పటికీ నాకు తెలియదు.

చేపలను వదలడంతో పని అయిపోలేదు. ఎగువన పూర్తిగా ఎండని ఒక కుంటలో చిలాపి ఇంకా ఉంది, వరదతో పాటు దిగి వస్తే కథ మళ్లీ మొదటికే. అందుకని నీళ్లు వచ్చే కాలువకు వాడవాళ్లు వెదురు తడికలు కట్టి, వాన పడ్డప్పుడల్లా వాటికి పట్టిన చెత్త తీస్తూ కాపలా ఉన్నారు. అంతకన్నా పెద్ద త్యాగం ఇంకొకటి. చేపలు పిల్లలు పెట్టేదాకా వల వేయమని మాటిచ్చి, మగవాళ్లు పిల్లాజెల్లాతో చెరుకు కోతకు పోయారు. ఒక వానాకాలం పోయింది, పిల్లలు కనపడలేదు. రెండో ఏడు వాడవాళ్ల మత్స్య సహకార సంస్థకు పెద్దగా ఉన్న ఆయన, వాడకంతటికీ పెద్ద దిక్కయిన అవ్వ కొడుకు, తేల్చి చెప్పేశాడు. "బాయీ, నీ మాట మీద ఇంత దూరం ఆగినం. ఈ మృగశిరకు వల ఏస్తం. మంచిగ వడకుంటె చిలాపి పిల్లలే తెచ్చి ఇడుస్తం, నువ్వు మల్ల అడ్డం రావద్దు." అత్త సరేనంది. సరే అనక ఏం చేస్తుంది, వాళ్ల పొయ్యి వెలగాలి కదా.

ఆ ఏడు వానలు రోహిణిలోనే పడ్డాయి. మృగశిరకు ముందురోజు అత్తా నేనూ పళ్లెం పట్టుకుని చెరువుకు పోయాం. తూటికాడల పక్కన నీటి మీద ఎర్రగా, పళ్లెమంత మేర ఏదో కదులుతోంది. కుంకుమ నీళ్లలో ఒలికిందా అనుకున్నాను. అత్త నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. కొర్రమీను పిల్లలు పుట్టిన కొత్తలో ఎర్రగా ఉంటాయి, గుంపుగా తిరుగుతాయి, తల్లీ తండ్రీ కింద కాపలా కాస్తుంటాయి. పిల్లలు నల్లబడి ఎవరి దారి వారు చూసుకునేదాకా అవి చోటు కదలవు. కాబట్టి వలకు ముందు దొరికేవీ అవే. పెద్దవి పోతే పిల్లలను కప్పలూ కొంగలూ పొద్దుగూకే లోపల ఖాళీ చేస్తాయి. తెల్లారితే మృగశిర. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన వల.

అత్త నేరుగా వాడకు పోయింది. ఎర్ర పిల్లలు కనపడ్డాయంటే అందరూ సంతోషించారు గానీ, వల ఆపమంటే ముఖాలు మారిపోయాయి. అవ్వ కొడుకు మండిపడ్డాడు. చుట్టాలను పిలుచుకున్నారు, అవ్వ బిడ్డా అల్లుడూ నిజామాబాదు వైపు నుంచి పండక్కని వస్తున్నారు. చేపల వాడలో మృగశిర నాడు అల్లుడి కంచంలో చేప లేదంటే ఇంకేమన్నా ఉందా, ఏడాది పొడుగునా చెప్పుకుని నవ్వుతారు. బజారు నుంచి కొనుక్కోండని అనబోయి నేనే నాలిక కరుచుకున్నాను, వల ఉన్న ఇంటికి అంతకన్నా పరువు తక్కువ లేదు. అత్త వాదించలేదు. గడప పక్కన కూలబడి, పళ్లేన్ని ఒళ్లో పెట్టుకుని ఊరుకుంది. అంతమంది ముందు ఆవిడ ముఖం అంత చిన్నబోవడం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

అప్పటిదాకా మూలన కూర్చుని వల కుడుతున్న అవ్వ తలెత్తకుండానే అడిగింది. "మీ ఇండ్లల్ల చాప తినరు గద బాయీ. మరి మిర్గం నాడు ఏం తింటరు?"

ఇంగువ బెల్లమని అత్త చెప్పింది.

"అయితె గదే తెండ్రి. మా వాడకంత సాలేటట్టు తెండ్రి." కొడుకు ఏదో అనబోతే అవ్వ సూది ఆపి అతని వైపు చూసింది. "ఏందిరా? కొర్రమట్ట బాలింతున్నది. బాలింత ఉన్న ఇంటికి దావతని పోతమా? అల్లునికి నేను చెప్పుకుంట."

ఇంటికి మేం నడిచామో పరుగెత్తామో గుర్తు లేదు. అత్త దుకాణంలోకి పోయి ఇంగువ డబ్బా మొత్తం ఎత్తుకొచ్చింది, నాన్న నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. నన్ను ఆశ్చర్యపరిచింది మా నాయనమ్మ. ఇన్నేళ్లూ చేపల వాసనకు ముక్కు మూసుకున్న మనిషి, సంగతి విని, మడిబట్ట సర్దుకుని, రోలు ముందుకు లాక్కుని బెల్లం దంచడం మొదలుపెట్టింది. ఇంగువ అంత వేస్తే కడుపులు మండుతాయని అత్తను కసిరింది. దీపాల వేళ దాకా ముగ్గురం కూర్చుని ఉండలు కట్టాం. అరచేతులకు పట్టిన ఆ వాసన వారం దాకా వదల్లేదు.

పొద్దున్నే గంగాళం పట్టుకుని వాడకు పోతే అందరూ పండగ బట్టల్లో బయటికొచ్చి, వరసగా నిలబడి ఉండలు తీసుకున్నారు. కొందరు నవ్వారు, కొందరు గొణిగారు. అల్లుడికి మొదటి ఉండ అవ్వే స్వయంగా పెట్టింది. పాపం ఆయన ముఖం చూడాలి! మింగలేక, కక్కలేక, అత్తగారి ముందు బాగుందని తలూపాడు. వాడంతా గొల్లుమంది, ఆ నవ్వుతో అవ్వ కొడుకు కూడా మెత్తబడ్డాడు. అవ్వ మాత్రం ఉండ నోట్లో వేసుకుని గట్టు మీదికి పోయి, తూటికాడల పక్కన గొడుగు వేసుకుని కూర్చుంది. పక్క ఊళ్ల నుంచి గాలాలు పట్టుకొచ్చిన వాళ్లను ఒక్కొక్క తిట్టుతో వెనక్కి పంపింది. ఆవిడ పక్కనే అత్త కూర్చుని పళ్లెం దించింది. చేతనున్న తాడంతా అయిపోయినా తెల్ల ముక్క ఇంకా కనిపిస్తూనే ఉంది. అత్త ఏడ్చింది. కళ్లు తుడుచుకోకుండా, సిగ్గుపడకుండా, హాయిగా ఏడ్చింది.

ఎర్ర పిల్లలు నల్లబడ్డాయి. మరుసటి ఏడు పరకలూ జెల్లలూ కూడా కనపడ్డాయి, వాడవాళ్లు చెరుకు కోతకు పోవడం క్రమంగా మానేశారు. అత్త రిటైరయ్యాక కూడా నడవగలిగినంత కాలం శనివారాలు మానలేదు. ఆవిడ ధైర్యాన్ని అందరూ మెచ్చుకున్నారు గానీ, నేను మెచ్చుకునేది ఇంకొకటి. అడగాల్సిన మాట అడిగి, ఆ తర్వాత నోరు మూసుకుని, ఎదుటివాళ్లే తేల్చుకునేందుకు చోటు వదలడం. అది నాకు ఈ వయసుకు కూడా రాలేదు, మావారిని అడగండి.

ఇప్పుడు అత్త లేదు, అవ్వ లేదు, నాయనమ్మ ఎప్పుడో పోయింది. చెరువు మధ్య ఒక పసుపు డబ్బా తేలుతూ ఉంటుంది. నీళ్ల వేడి, ప్రాణవాయువు అన్నీ అదే కొలిచి ఎవరి ఫోనుకో పంపుతుందట. మంచిదే, వానలోనూ ఎండలోనూ ఎవరూ నడవక్కర్లేదు. కానీ ఇవాళ పళ్లెం ఎంత లోతుకు కనపడిందని గట్టు మీద అడిగేవాళ్లూ లేరు. ఆ పళ్లెం మా అటక మీద ఉంది, రంగు సగం రాలిపోయింది.

పది దాటాక ఫోను మోగింది. డబ్బా పంపింది అవ్వ మనవరాలు, ఇప్పుడు సంస్థ పని చూసుకునేది ఆ పిల్లే. "ముట్టిందా అత్తమ్మా? తిన్నవా? ఎర్ర పిల్లలు కనవడ్డయి ఈసారి, రెండు తావుల." ఇంత దూరం ఎందుకమ్మా శ్రమ అన్నాను. "అయ్యో, గట్లంటవేంది? మిర్గం నాడు ఇంగువ బెల్లం తినుడు, పిల్లలు నల్లవడేదాక వల ముట్టకపోవుడు, మా తాతల తాతల కెల్లి అస్తున్న రివాజు. ఇడిస్తె గంగమ్మకు కోపమస్తది."

చెబుదామని నోరు తెరిచాను. దుకాణంలో ఇంగువ డబ్బా, గడప పక్కన చిన్నబోయిన ఆ ముఖం, అల్లుడి అవస్థ, అన్నీ నాలిక చివరిదాకా వచ్చాయి. అత్తయితే ఏం చేసేదో తోచి ఆగిపోయాను. అవును బిడ్డా, ఇడువద్దు అన్నాను. ఫోను పెట్టేశాక ఇంకో ఉండ తీసి అరచేతిలో పెట్టుకున్నాను. తాతల తాతల నాటిదట! ఆ సాయంత్రం మా వంటింట్లో ఆ ఉండలు కట్టిన చేతుల్లో ఇప్పుడు మిగిలినవి నావి మాత్రమే.