జెన్నీ లేవని ఆదివారం

కరుణకుమారి పొద్దున్నే ప్రెస్సుకు నడిచి వెళ్లేటప్పుడు తలెత్తి చూసేది కాదు. చూపంతా నేలమీదే ఉండేది. సినిమాహాలు ముందు ఎవరో తిని పారేసిన ఐసుఫ్రూటు పుల్లలు, కిళ్లీకొట్టు పక్కన ఖాళీ అగ్గిపెట్టెలు, సోడా మూతలు, దర్జీ దుకాణం గుమ్మంలో ఊడ్చిపోసిన గుడ్డపీలికలు, ఏది కనిపించినా వంగి తీసి, దులిపి, భుజాన వేలాడే సంచిలో వేసుకునేది. ప్రెస్సున్న అబీద్ సెంటర్ చేరేసరికి సంచి సగం నిండేది.

కిళ్లీకొట్టు సోములుకు ఇదొక వేడుక.

"ఏటి పోయింది టీచరమ్మా, రోజూ ఎతుకుతావు?"

"ఏమీ పోలేదు నాయనా. ఆ అగ్గిపెట్టె ఖాళీయేనా?"

"ఇంకో రెండు పుల్లలున్నాయి. సుట్ట ముట్టించీసి ఇచ్చేస్తాను, ఉండు."

ఆమె ఉండేది. అతను చుట్ట ముట్టించుకునేదాకా నిలబడి, పెట్టె తీసుకుని వెళ్లేది.

అప్పటికి, అంటే 1997 నాటికి, ఆమెకు నలభై రెండేళ్లు. ప్రెస్సులో కరపత్రాలు మడతపెట్టడం, పుస్తకాలకు అట్టలు అంటించడం ఆమె పని. అమ్మా నాన్నా పోయారు. తమ్ముడు యలమంచిలిలో కాపురం ఉంటున్నాడు. క్రిస్మస్‌కు రమ్మని ఉత్తరం రాస్తాడు, ఒక్కో ఏడు అదీ మరిచిపోతాడు. పెళ్లి సంబంధాలు వచ్చినన్నాళ్లు వచ్చి, తర్వాత రావడం మానేశాయి. చర్చి వెనక సందులో, ఆకుకూరలు అమ్ముకునే కొండలమ్మ ఇంట్లో వీధివైపు గది ఆమెది. పొద్దున వండిన కూర రాత్రికి కూడా మిగిలేది. ప్రెస్సులో మిషను చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినపడదు కనుక అక్కడ మాట్లాడే పనే లేదు.

ఆదివారం మాత్రం ఆమెకు పద్నాలుగుమంది పిల్లలు.

మిషన్‌వాళ్లు కట్టించిన పాత చర్చికి వెనకవైపు ఒక వరండా ఉంది. సండే స్కూల్లో అన్నిటికన్నా చిన్న క్లాసు, మూడేళ్ల నుంచి ఐదేళ్ల పిల్లల బిగినర్స్ క్లాసు, అక్కడే జరిగేది. ఆ క్లాసు తీసుకున్న మొదటి ఏడాది కరుణకుమారి కథలు చెప్పేది, పిల్లలు గోడమీద చీమలను చూసేవారు. ఒకరోజు జలప్రళయంలో ఓడ కట్టిన నోవహు కథ చెబుతుంటే ఒక పిల్లవాడు, "టీచర్, ఓడంటే ఏటి?" అని అడిగాడు. నిజమే, నర్సీపట్నంలో పుట్టిన మూడేళ్ల పిల్లవాడు ఓడను ఎక్కడ చూసి ఉంటాడు? ఆ పై ఆదివారం ఆమె పెద్ద బేసిన్‌లో నీళ్లు పోసి, కొబ్బరిడొప్పను తేల్చి, చింతపిక్కలను జంటలు జంటలుగా పిల్లల చేతనే అందులోకి ఎక్కించింది. చిల్లులు పొడిచిన డబ్బాలోంచి వాన కురిపించింది. పిల్లలు ఇళ్లకు వెళ్లం అన్నారు.

అప్పట్నుంచి చేతికి పని లేని కథ ఒక్కటీ ఆ వరండాలో జరగలేదు. అగ్గిపెట్టెలతో యెరికో పట్టణం గోడ కట్టి, చుట్టూ ఏడుసార్లు తిరిగి కేకలు పెట్టి పడగొట్టేవారు. ప్రెస్సులో కత్తిరించగా మిగిలిన రంగుకాగితం ముక్కలతో యోసేపుకు తండ్రి ఇచ్చిన అంగీ అతికించేవారు. బంకమట్టితో ఐదు రొట్టెలు, రెండు చేపలు చేసి అందరికీ పంచేవారు. ఆరాధన మొదలయ్యే ముందు తల్లులు వచ్చి మోచేతులదాకా మట్టి అంటిన పిల్లలను కుళాయి దగ్గరికి ఈడ్చుకుపోయేవారు.

సండే స్కూలు సూపరింటెండెంటు దయాకర్ బాబు గారు రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన ముక్కుమీదికి కళ్లజోడు దించి అనేవారు, "కరుణమ్మా, నీ క్లాసులో దేవుని వాక్యం తక్కువ, బురద ఎక్కువ."

అందరూ నవ్వేవారు. కరుణకుమారి కూడా నవ్వేది. ఇంటికెళ్లాక గోళ్ల సందుల్లో మట్టి తీసుకుంటూ ఆ మాటే తలుచుకునేది.

ఆ పద్నాలుగుమందిలో ఒకతి జెన్నీ. నాలుగేళ్లది. తండ్రి ప్రభుకుమార్ కొయ్యూరు వైపు అడవిలో ఫారెస్టు గార్డు, పది పదిహేను రోజులకొకసారి ఇంటికొస్తాడు. తల్లి షర్మిల. జెన్నీ నోరు విప్పేది కాదు. "నోట్లో నాలుక లేని పిల్ల, బంగారు తల్లి" అని అంతా మెచ్చుకునేవారు. పనిలో మాత్రం ఆ పిల్లను మించినవాళ్లు లేరు. తక్కినవాళ్ల గోడ వంకరపోతే జెన్నీ గోడ నిలువుగా ఉండేది. క్లాసయ్యాక తల్లి దగ్గరికి పోకుండా, ఆరాధన జరిగినంతసేపూ కరుణకుమారి పక్కనే కూర్చుని, ఆమె కొంగు చివరను వేలికి చుట్టుకునీ విప్పుకునీ ఆడుకునేది. ఒక్కోసారి ఒళ్లో తలపెట్టి నిద్రపోయేది. వారం మొత్తంలో కరుణకుమారిని తాకే మనిషి ఆ పిల్ల ఒక్కతే.

జూలైలో ఒక ఆదివారం సమూయేలు కథ వచ్చింది. గుడిలో పడుకున్న చిన్న పిల్లవాణ్ని దేవుడు పేరుపెట్టి పిలిచిన కథ. కరుణకుమారి వరండాలో చాపలు పరిచి, మట్టి ప్రమిదలో దీపం పెట్టింది. దొంగచూపులు చూడకుండా అందరి కళ్లకూ పాతచీర పీలికలు కట్టింది.

"ఇవాళ మీరంతా సమూయేళ్లే. కదలకుండా పడుకోవాలి. నేను తలుపు వెనక నుంచి పిలుస్తాను. ఎవరి పేరు వినిపిస్తే వాళ్లు లేచి, చేతులు కట్టుకుని, వింటున్నాను చెప్పండి, అనాలి."

ఒక్కొక్కరినే పిలిచింది. ఒక్కొక్కరే లేచి, కళ్లకు గుడ్డతో తడుముకుంటూ తలుపు దాకా వచ్చి, "ఇంటన్నాను సెప్పండి!" అని అరిచి, గుడ్డ లాగేసుకుని నవ్వారు.

"టీచర్, నన్ను పిలవరేటి? బేగి పిలవండి, దోమలు కుడతన్నాయి" అన్నాడొకడు.

"నువ్వు పడుకున్న సమూయేలువిరా, మాట్లాడకూడదు."

చివరికి చాపమీద జెన్నీ ఒక్కతే మిగిలింది. కరుణకుమారి పిలిచింది. మళ్లీ పిలిచింది. మూడోసారి గొంతు పెంచి పిలిచింది.

"జెన్నీ తొంగుంది టీచర్" అన్నారు పిల్లలు.

నిద్రపోలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే గుడ్డ కింద పెదాలు నవ్వుతున్నాయి. చెప్పిన మాట విన్న పిల్లలాగా ఒద్దికగా, బిగుసుకుని పడుకుని ఉంది. కరుణకుమారి లోపలికి వెళ్లి సండే స్కూలు ఇత్తడి గంట తెచ్చి, జెన్నీ తలకు జానెడు దూరంలో గట్టిగా కొట్టింది. పిల్లలంతా చెవులు మూసుకున్నారు. జెన్నీ కదల్లేదు. భుజం మీద చెయ్యి వేయగానే మాత్రం గభాలున లేచి కూర్చుంది. గుడ్డ తీసేసి, అందరివంకా ఒకసారి కలయజూసి, వాళ్లలాగే చేతులు కట్టుకుని నిలబడింది.

అప్పుడు కరుణకుమారికి అర్థమైంది. ఆ పిల్ల ఏడాదిన్నరగా అందరికన్నా బాగా చేసిందంటే, అందరికన్నా బాగా చూసిందన్నమాట. గోడ పడిపోవడం చూసింది, ఎందుకు పడిందో తెలియదు. రంగుల అంగీ అతికించింది, అది ఎవరిదో తెలియదు. తను చెప్పిన కథల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా ఆ పిల్లకు చేరలేదు. మిగతా మాస్టర్లలాగా తనూ ఒట్టి మాటలతో చెప్పి ఉంటే మొదటి నెలలోనే బయటపడేది. తను నేర్పిన చేతిపనులే జెన్నీ చెవిటితనాన్ని తన కళ్లకు కనపడకుండా దాచిపెట్టాయి.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మూడు ఆదివారాలు చెప్పలేదు.

విశాఖపట్నంలో చెవిటిపిల్లల బడి ఉందని ప్రెస్సులో అచ్చయిన ఒక కరపత్రంలో ఎప్పుడో చదివింది. చెబితే జెన్నీని అక్కడికి తీసుకుపోతారు. చెప్పకపోతే జెన్నీకి మాట ఎప్పటికీ రాదు. ఇందులో ఆలోచించడానికి ఏముందని ఎవరైనా అంటారు. కానీ ఆదివారం రాగానే ఆ పిల్ల వచ్చి పక్కన కూర్చుని కొంగు అందుకునేది. ఈ ఒక్క వారం ఉండనీ అనుకునేది కరుణకుమారి.

"ఏటమ్మా, అన్నం అలగే ఉండిపోతాంది?" అంది కొండలమ్మ. "ఒంట్లో బాగునేదా?"

"బాగానే ఉన్నాను పిన్నీ. ఆకలి లేదు."

నాలుగో వారం, గురువారం సాయంత్రం ప్రెస్సు నుంచి తిన్నగా షర్మిల ఇంటికి వెళ్లింది. నిలబడే చెప్పేసింది. షర్మిల చేతిలో చేట అలాగే ఆగిపోయింది.

"ఏటండీ మీరనేది? మా పిల్ల సెవిటిదా? నేను పిలిస్తే వస్తాది. అమ్మా అంటాది."

"వెనక నుంచి ఎప్పుడైనా పిలిచావా తల్లీ?"

"నా పిల్లని ఎటు నుంచి పిలవాలో మీరు సెప్తారా? వాళ్ల నాన్నకీ ఐదేళ్లకి గాని మాటలు రాలేదు. పిల్లల్ని కంటే తెలుస్తాది టీచరు గారూ, ఊరికే ఆటలాడిస్తే తెలీదు."

కరుణకుమారి వచ్చేసింది.

ఆ ఆదివారం జెన్నీ క్లాసుకు రాలేదు. తల్లి పక్కన, ఆడవాళ్ల వరసలో కూర్చుంది. మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తుంటే షర్మిల తల పట్టుకుని ముందుకు తిప్పింది. మరో ఇద్దరు తల్లులు కూడా తమ పిల్లలను పంపడం మానేశారు. దయాకర్ బాబు గారు వరండా మెట్ల దగ్గర ఆపి, ఈసారి కళ్లజోడు దించకుండానే అన్నారు, "నీకు పిల్లలకి కథలు చెప్పమని అప్పజెప్పాం కాని డాక్టరీ చెయ్యమన్లేదు కదమ్మా."

తర్వాతి శనివారం సాయంత్రం కరుణకుమారి గది ముందు సైకిలు ఆగింది. ఖాకీ చొక్కాలో ప్రభుకుమార్, అతని వెనక ముఖం ముడుచుకుని షర్మిల, ఆమె చంకలో జెన్నీ. కరుణకుమారిని చూడగానే జెన్నీ చంక దిగి వచ్చి కొంగు పట్టుకుంది.

"వందనాలు టీచరు గారూ" అన్నాడు ప్రభుకుమార్. "అడివిలో వెనక నుంచి వస్తే లేడిపిల్ల కూడా సెవులు తిప్పుతాదండి. మా పిల్ల తిరగదు. నాకు ఎప్పట్నుంచో అనుమానం. అనడానికి భయమేసి ఊరుకున్నాను. ఆ రోజు ఏటి సేసేరో షర్మిలకి ఒకసారి సూపించండి."

కరుణకుమారి చాప పరిచింది. జెన్నీ ఆట అనుకుని తనే వెళ్లి పడుకుంది. కళ్లకు గుడ్డ కట్టి, కరుణకుమారి పక్కకు జరిగి, షర్మిలతో, "నువ్వే పిలువమ్మా" అంది.

షర్మిల పిలిచింది. ఇంట్లో పిలిచినట్టే, మెల్లిగా. తర్వాత కాస్త గట్టిగా. తర్వాత ఇంకా గట్టిగా. జెన్నీ కదలకుండా నవ్వుతోంది. షర్మిల మోకాళ్లమీద కూలబడి, గొంతు చీరుకుపోయేట్టు పిలిచింది.

"ఏటమ్మా అలగ అరుస్తన్నారు?" బయటి నుంచి కొండలమ్మ కేకేసింది. "ఎవుల్ని పిలుస్తన్నారు? ఈధి సివరికి ఇనిపిస్తాంది!"

షర్మిల తనే గుడ్డ లాగేసి పిల్లను గుండెకు అదుముకుంది. పిల్లను చంకనేసుకుని లేచింది. గుమ్మం దాటబోతూ ఆగి, కరుణకుమారి ముఖంలోకి చూడకుండా అడిగింది.

"ఏడాదిన్నర మీ సేతుల్లోనే ఉంది కదండీ. మీకెందుకు తెలీలేదు?"

తెలిసిన తర్వాత దాచుకున్న మూడు వారాల సంగతి కరుణకుమారి నోటి దాకా వచ్చింది. చెప్పలేకపోయింది.

విశాఖలో పరీక్షలు చేశారు. పుట్టుకతోనే వినికిడి లేదన్నారు. కొత్త సంవత్సరం వచ్చాక షర్మిల పిల్లను తీసుకుని విశాఖ వెళ్లి, బడి దగ్గరే గది తీసుకుంది. వాళ్లు వెళ్లిన సంగతి కరుణకుమారికి ఆదివారం ప్రార్థన మనవుల్లో తెలిసింది. దయాకర్ బాబు గారు చదివారు: జెన్నీ చదువు కొరకు, తల్లి క్షేమం కొరకు. అందరితోపాటు ఆమె కూడా ఆమెన్ అంది.

తర్వాత ప్రతి జూన్‌లోనూ, కొత్త పిల్లలు చేరిన మొదటి రోజున, ఆమె ఒక్కొక్కరి వెనకా నిలబడి మెల్లిగా పేరు పిలిచి చూసేది. ఎనిమిదేళ్లలో మరొక్క పిల్లవాడు దొరికాడు. వాళ్ల అమ్మా నాన్నా మొదటి మాటకే నమ్మారు.

2006 వేసవిలో బంధువుల పెళ్లికి షర్మిల చర్చికి వచ్చింది. పక్కన పదమూడేళ్ల పొడుగాటి పిల్ల, చెవుల వెనక చిన్న వినికిడి మిషన్లు. కరుణకుమారి జనంలోంచి దారి చేసుకుని దగ్గరికి వెళ్లింది. జెన్నీ ఆమెను మర్యాదగా చూసి, తల్లివైపు తిరిగి చేతులతో ఏదో చకచకా అడిగింది. వేళ్లు అంత వేగంగా, అంత అందంగా కదలడం కరుణకుమారి ఎక్కడా చూడలేదు.

"ఏమంటోందమ్మా?" అని అడిగింది.

షర్మిల తడబడింది. "మీరెవరని అడుగుతోందండీ. చిన్నప్పటి సంగతి కదా, గుర్తులేదు దానికి."

తర్వాత షర్మిల కూతురివైపు తిరిగి చేతులతో చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. మధ్యలో ఒకసారి కళ్లు తుడుచుకుంది. జెన్నీ కరుణకుమారిని చూసి, తల్లిని చూసి, మళ్లీ కరుణకుమారిని చూసింది. తర్వాత రెండు చేతులూ జోడించి, పట్టిపట్టి, ఒక్కో అక్షరమే తోస్తూ, "వం... ద... నాలు" అంది. భోజనాలకు లేవండని అప్పుడే ఎవరో పిలిచారు. షర్మిల ఏం చెప్పిందో అడగడానికి కరుణకుమారికి మొహమాటమేసింది.

జెన్నీ ఈ ఏడాది, 2009లో, పదో తరగతి పాసైంది. ప్రెస్సు మూతపడ్డాక కరుణకుమారి ఒక ప్రైవేటు బడిలో ఆయాగా చేరింది. యాభై నాలుగేళ్లు వచ్చాయి. కొండలమ్మ ఇంటి వీధిగదిలోనే ఒక్కతే ఉంటోంది. బిగినర్స్ క్లాసులో ఇప్పుడు తొమ్మిదిమంది పిల్లలున్నారు.